అమ్మ టైమింగ్ బెల్టు మార్చిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. జీతం లేదు, సెలవులూ లేవు. అమ్మ మాటను పెదనాన్నకూ, పెదనాన్న మాటను అమ్మకూ మోయడమే ఆ ఉద్యోగం. ఒకే ఇంట్లో ఉండి కూడా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునేవారు కారు. అలాగని వాళ్ళ మధ్య తగాదా ఏమీ లేదు. భోజనం వేళ “పెదనాన్నగారిని రమ్మను” అని అమ్మ వంటింట్లోంచి నాతో అనేది. పక్క గదిలో ఉన్న పెదనాన్నకు ఆ మాట శుభ్రంగా వినపడేది. అయినా నేను వెళ్ళి చెప్పేదాకా లేచేవారు కారు. “ఒక్క నిమిషంలో వస్తున్నానని చెప్పమ్మా” అనేవారు. అదీ అమ్మకు వినపడేది. అయినా నేను వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఒప్పజెప్పాల్సిందే.

మేము అప్పుడు ఆస్ట్రేలియాలో, టూవూంబా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. పెదనాన్న మా అందరికంటే ఎంతో ముందు ఈ దేశం వచ్చి, ఆ ఊరి కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముణ్ణి ఇక్కడికి రప్పించిందీ, అద్దె ఇల్లు చూసిపెట్టిందీ, కారు నడపడం నేర్పిందీ ఆయనే. అమ్మ తెనాలి వైపు పల్లెటూరి పిల్ల. గుంటూరులో డాక్టరు చదువు చదివింది కానీ, పుట్టింట్లో నేర్చుకున్న పద్ధతులు ఆ చదువు మాన్పించలేదు. భర్త అన్నగారంటే మామగారితో సమానం. ఆయన ముందు కూర్చోకూడదు, ఆయనతో ముఖాముఖి మాట్లాడకూడదు. అమ్మ సముద్రాలు దాటి వచ్చింది. ఆ మర్యాదా ఆమెతోపాటే వచ్చింది.

పెదనాన్న వేరే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దీనితో ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. నేను మూడో తరగతిలో ఉండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడక కూడా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం దేన్నీ పట్టుకోలేకపోయింది. నాన్న పట్టుబట్టి ఆయన్ను మా ఇంటికి తీసుకొచ్చాడు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటుంటే మెతుకులు బల్ల మీద పడేవి. అవి అమ్మ కంట పడతాయేమోనని ఆయన తల వంచుకుని గబగబా తినేవారు. ఆయన సిగ్గుపడుతున్నారని తెలిసి అమ్మ వడ్డించి లోపలికి వెళ్ళిపోయేది. ఒకరి మర్యాద ఒకరు కాపాడే ప్రయత్నంలో ఇద్దరూ ఇంకా దూరం జరిగారు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు నాకు తోచింది ఒక్కటే, పెదనాన్న మా ఇంట్లో ఉండటం అమ్మకు ఇష్టం లేదని. పెదనాన్నకూ అదే తోచి ఉండాలి. “బ్రిస్బేన్‌లో నాలాంటివాళ్ళు ఉండే హోమ్ ఒకటుందట, చూద్దాంరా తమ్ముడూ” అని ఆయన నాన్నతో అనడం నేను రెండుసార్లు విన్నాను. ఆ మాట వినపడగానే వెళ్ళి ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఎందుకంటే ఆయన నాకు చాలా ఇష్టం. నేను ఇంగ్లీషులో ఏదైనా అంటే చెవి మీద చెయ్యి పెట్టుకుని “ఈ చెవి గుంటూరుది, తెలుగైతేనే వినపడుతుంది” అనేవారు. నాకు ఎంత తెలుగు వచ్చినా అది ఆ చెవి పుణ్యమే.

ఆ ఏడాది అమ్మ ఇక్కడ డాక్టరుగా పనిచేయడానికి కావలసిన పరీక్షకు కూర్చుంది. రాతపరీక్ష గట్టెక్కింది. రోగులను చూసి చెప్పాల్సిన పరీక్ష మిగిలింది. ఈస్టర్ సెలవులు అయిపోయిన మంగళవారం పొద్దున్నే, బ్రిస్బేన్‌లో. అంత పెందలాడే చేర్చే బస్సు లేదు. మా ఇంటికి ఉన్నది ఒకటే కారు. టూవూంబా కొండ మీద ఊరు. బ్రిస్బేన్ వెళ్ళాలంటే ముందు ఆ కొండదారి దిగాలి. ఓ పక్క రాతిగోడ, ఓ పక్క లోయ, వెనకాల బరువు లారీలు.

శుక్రవారం నాడు పెదనాన్న ఎందుకో బానెట్ ఎత్తించి, ఇంజన్ పక్కనున్న మూత కాస్త వదులు చేయించి లోపలికి చూశారు. ఇంజన్‌లో కింద ఒక ఇరుసు, పైన ఒక ఇరుసు తిరుగుతుంటాయి. ఆ రెండూ అడుగు తప్పకుండా కలిసి నడవడానికి వాటిని కలుపుతూ పళ్ళున్న రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. దాన్నే టైమింగ్ బెల్టు అంటారు. మా కారులో అది నూనె తాగి, పగుళ్ళిచ్చి ఉంది. తెగితే కారు ఉన్నచోటే ఆగిపోతుంది. అంతటితో పోదు. లోపల కిందనుంచి వచ్చే పిస్టన్లు పైనున్న వాల్వులను గుద్ది ఇంజన్ పాడైపోతుంది. అది కొండదారిలో జరిగితే ఏమవుతుందో పెదనాన్న చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా.

కొత్త బెల్టు ఇంట్లోనే ఉంది. పెదనాన్న గొడవ పడలేక నాన్న ఎప్పుడో కొని లాండ్రీ అరలో పడేశాడు. మెకానిక్ షాపులన్నీ మంగళవారం దాకా మూసేశారు. నాన్నకు సెలవుల్లో వరసగా ఆసుపత్రి డ్యూటీ. “ఇన్నాళ్ళు తిరిగింది, ఇంకొక్కసారి తిరగదా అన్నయ్యా” అని ఆదివారం పొద్దున్నే స్నేహితుడి కారెక్కి వెళ్ళిపోయాడు.

కాసేపటికి అమ్మ కారు నిలిపే పందిరి కిందికి, కార్‌పోర్టులోకి వచ్చింది. నాన్న పాత చొక్కా తొడుక్కుని, జుట్టు ముడేసుకుని ఉంది. పెదనాన్న అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కారు వైపు చూస్తున్నారు. అమ్మ ఎప్పటిలాగే నా వైపు తిరిగింది.

“పెదనాన్నగారిని అడుగు. నేను చేస్తాను, ఎలా చెయ్యాలో చెప్పగలరా అని.”

నేను అడిగాను. ఆయన చాలాసేపు తన కుడిచేతి వైపు చూసుకున్నారు. తర్వాత, “చెప్పగలనని చెప్పు” అన్నారు.

అలా మొదలైంది. కుర్చీకీ బానెట్‌కీ మధ్య నేను నిలబడ్డాను. ముందు బ్యాటరీ తీగ తీసేయమన్నారు, చెప్పాను. స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఇంజన్ చేత్తో సులువుగా తిరుగుతుందన్నారు, చెప్పాను. ఏ బోల్టు ఎక్కడిదో తెలిసేలా ఇడ్లీ రేకుల గుంటల్లో వరసగా పెట్టమన్నారు. అమ్మకు అది నచ్చినట్టుంది, మొహంలో చిన్న నవ్వు కనపడింది. పైచక్రం మీదా కిందచక్రం మీదా ఉన్న గుర్తులు కలిసేదాకా ఇంజన్ తిప్పాలి. ఆ పని మాత్రం ఆయనే లేచి, కారుకు ఒరిగి, ఎడమచేత్తో స్పానర్ పట్టి చేశారు. ఆ సమయంలో అమ్మ లోపలికెళ్ళి తన గోళ్ళరంగు తెచ్చింది, గుర్తులు స్పష్టంగా కనపడేలా పెట్టడానికి. పెదనాన్న కాలు వణికి కుర్చీలో కూలబడ్డారు. పాత బెల్టు ఊడి వచ్చింది. అమ్మ దాన్ని వెనక్కి వంచితే పగుళ్ళు నోళ్ళు తెరిచాయి. “అమ్మో” అంది తనలో తాను.

కొత్త బెల్టు ఎక్కింది. బిగువు పెట్టే చిన్న చక్రాన్ని బిగించారు. ఇక మిగిలింది ఒకటే పని. తాళం తిప్పే ముందు ఇంజన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి, గుర్తులు మళ్ళీ సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసుకోవడం.

“స్పానర్ పెట్టి సవ్యంగా తిప్పమని చెప్పు” అన్నారు పెదనాన్న.

సవ్యం అనే మాట నాకు బాగా తెలుసు. సవ్యంగా కూర్చో, సవ్యంగా తిను, సవ్యంగా మాట్లాడు అని అమ్మ రోజూ అనేదే. నేను అమ్మ దగ్గరికి వెళ్ళి, “సరిగ్గా తిప్పమంటున్నారు” అన్నాను.

అమ్మ చాలా సరిగ్గా, చాలా జాగ్రత్తగా, గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పింది.

లోపల ఎక్కడో టక్‌మంది. స్పానర్ ఇంకొంచెం కదిలి ఆగిపోయింది. బిగుసుకుందేమో అనుకుని అమ్మ రెండో చెయ్యి కూడా వేసి, ఒళ్ళు బరువంతా దాని మీద మోపబోయింది.

“ఆగమ్మా! చేతులు తీసెయ్!”

అంత గొంతు పెదనాన్నకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. పక్కింట్లో గడ్డి కోస్తున్న అంకుల్ కూడా మెషిను ఆపి మా వైపు చూశారు. అమ్మ వేడి గిన్నె ముట్టుకున్నట్టు చేతులు వెనక్కి తీసుకుంది. పెదనాన్న కుర్చీ చేతిని పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి బానెట్ మీదికి వంగారు.

“ఏ వైపు తిప్పావమ్మా?”

అమ్మ అలవాటు చొప్పున నా వైపు చూసింది. తర్వాత మెల్లగా ఆయన వైపు తిరిగింది. “ఎడమకి, బావగారూ. సరిగ్గా తిప్పమన్నారని చెప్పింది పాప.”

“సరిగ్గానా? నేను సవ్యంగా అన్నాను. గడియారం తిరిగేటట్టు, కుడికి.” ఆయన గుర్తుల వైపు చూసి నిట్టూర్చారు. “ఎదురు తిప్పేసరికి బిగువు తప్పింది. బెల్టు పన్ను దాటింది.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంజన్ పాడు చేసింది నేనే, అమ్మ పరీక్ష పోగొట్టింది నేనే, ఇక పెదనాన్న తప్పకుండా ఆ హోమ్‌కి వెళ్ళిపోతారు అనుకున్నాను. పైకి మాత్రం ‘సారీ’ అన్న ఒక్క మాటే వచ్చింది. దానికి ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకోలేదు. ఎడమచేత్తో నా తల నిమిరారు.

“ఏడవకు తల్లీ. నీ తప్పు ఏమీ లేదు. అమ్మ ఇక్కడే ఉంది, నేనిక్కడే ఉన్నాను. ఇద్దరికీ నోళ్ళున్నాయి. మధ్యలో నిన్ను నిలబెట్టింది మేము.” ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడటం లేదు. “ఇవాళ్టితో నీకు ఈ పని లేదు. పోయి ఆడుకో.”

నేను ఆడుకోవడానికి పోలేదు. కార్‌పోర్టు స్తంభానికి ఆనుకుని ముక్కు ఎగబీలుస్తూ అక్కడే నిలబడ్డాను.

“స్పానర్ ఎలా ఆగిందమ్మా? మెత్తగానా, గట్టిగానా?”

“గోడకి తగిలినట్టు ఆగింది. నేనింకా బలం పెట్టలేదు బావగారూ. పెట్టబోతుంటే మీరు అరిచారు.”

“పెట్టలేదు కదా! బతికించావు. చేత్తో తిప్పుతుంటే మెల్లగా తగిలి ఆగుతుంది, వాల్వు వంగకపోవచ్చు. కానీ స్టార్ట్ చేసేదాకా ఏ సంగతీ తెలియదు.”

“వంగి ఉంటే?”

“వంగి ఉంటే ఇంజన్ పైభాగమంతా విప్పాలి. మంగళవారం మాట మర్చిపోవాలి.”

అమ్మ గట్టు మీద కూర్చుంది. ఆయన ముందు ఆమె కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. మంచినీళ్ళు తాగి, మోచేత్తో నుదురు తుడుచుకుంటే అక్కడ నల్లటి జిడ్డు చార పడింది. “సరే, చెప్పండి. మళ్ళీ మొదలుపెడదాం” అంది.

ఈసారి ఆయన కుర్చీలోకి వెళ్ళలేదు. కారు అంచుకు ఒరిగి అమ్మ పక్కనే నిలబడ్డారు. మాటలు మొదట్లో పొడిపొడిగా, బోల్టూ స్పానరూ వరకే ఉన్నాయి. కాస్త వెనక్కి జరుపు, చాలు, ఇప్పుడు పైచక్రం కదలకుండా పట్టుకో. తర్వాత వాటి మధ్యలో వేరే మాటలు చొరబడ్డాయి.

“మనుషుల కడుపు కోసి కుట్టినదానివి, దీనికి భయపడతావేంటమ్మా?”

“మనుషులైతే నొప్పి పుడితే అరుస్తారు బావగారూ. ఇది అరవదుగా.”

“అరిచింది కదా, టక్‌మని. నువ్వే వినిపించుకోలేదు.”

అమ్మ పకపకా నవ్వింది. పెదనాన్న ముందు. నేను స్తంభం వదిలేసి దగ్గరికి వచ్చాను.

బెల్టు మళ్ళీ ఎక్కించాక అమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్తూ, “మీకూ తెస్తాను” అంది. “కప్పు నిండా పొయ్యకమ్మా. సగం పొయ్యి. చెయ్యి నిలవదు, ఒలుకుతుంది” అన్నారు పెదనాన్న. ఇన్ని నెలలూ తల వంచుకుని దాచిన మాట అది. అమ్మ వెనక్కి తిరిగి చూడకుండా, “అలాగే, అయిపోతే మళ్ళీ పోస్తాను” అని వెళ్ళిపోయింది. ఏమీ జరగనట్టే ఉంది ఆ సంభాషణ. కానీ పెదనాన్న చాలాసేపు కళ్ళు తుడుచుకున్నారు, కళ్ళజోడుకు జిడ్డంటిందని నాతో అంటూ.

ఈసారి అమ్మ కుడికి తిప్పింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. స్పానర్ ఎక్కడా ఆగలేదు. గోళ్ళరంగు చుక్కలు పైనా కిందా వచ్చి వాటి స్థానాల్లో నిలిచాయి. మూతలు పెట్టారు, ప్లగ్గులు బిగించారు, బ్యాటరీ తీగ తగిలించారు. అమ్మ తాళం తీసి ఆయనకు ఇవ్వబోయింది.

“నువ్వే తిప్పు. పని చేసింది నువ్వు.”

అమ్మ డ్రైవరు సీటులో కూర్చుని కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. తాళం తిప్పితే ఇంజన్ మూలిగింది, అందుకోలేదు. అమ్మ మొహం తెల్లబోయింది. “మళ్ళీ తిప్పమ్మా, పెట్రోలు అందాలిగా” అన్నారు పెదనాన్న. రెండోసారి మూలిగి, దగ్గి, ఒక్కసారిగా అందుకుంది. ఎక్కడా తడబాటు లేకుండా, కుండలో అన్నం ఉడుకుతున్నట్టు సన్నగా ఒకే ధ్వని. పెదనాన్న తల పక్కకు వంచి, వైద్యుడు గుండె విన్నట్టు విన్నారు. “వంగలేదు. ఒక్క వాల్వు కూడా వంగలేదు” అన్నారు.

అమ్మ స్టీరింగ్ మీద తల ఆన్చి అలాగే ఉండిపోయింది. ఏడుస్తోందేమో అని దగ్గరికి వెళ్ళి చూస్తే నవ్వుతోంది. నాకు ఒంట్లో ఉన్న బరువంతా ఎవరో దించి కింద పెట్టినట్టయింది. ఎందుకో తెలియకుండా కారు చుట్టూ పరుగెత్తాను.

సాయంత్రం ఎండ పొడుగ్గా పడుతున్నప్పుడు నాన్న వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు. కార్‌పోర్టులో మాగాయ ముక్క ఎండబెట్టాలా వద్దా అని ఒకరు వాళ్ళమ్మ పద్ధతీ, ఇంకొకరు వాళ్ళ నానమ్మ పద్ధతీ చెప్పుకుంటూ ఇద్దరు మనుషులు గట్టిగా వాదించుకుంటున్నారు. “అక్కడ ఎవరున్నారు?” అని నాన్న నన్ను అడిగాడు. “నన్ను అడక్కండి నాన్నా. నాకు సెలవిచ్చేశారు” అన్నాను.

మంగళవారం పొగమంచులో అమ్మే కారు నడుపుతూ కొండ దిగింది. ముందు సీట్లో పెదనాన్న, వెనక నేను. దారంతా ఆయన ఇంజన్ వింటూనే, ఆమెను రోగాల గురించి ప్రశ్నలడుగుతూ వచ్చారు, తనకు జవాబులు తెలియకపోయినా. ఆ పరీక్ష అమ్మ నెగ్గింది. అంతకంటే నాకు ముఖ్యమైంది, హోమ్ మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరి నోటా రాలేదు. పెదనాన్న చివరిదాకా మాతోనే ఉన్నారు. బల్ల దగ్గర మెతుకులు పడుతూనే ఉండేవి. అమ్మ ఆయన ఎదురుగా కూర్చునే తినేది.

ఇప్పుడు నేను సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో ఉంటున్నాను. జుట్టు తెల్లబడింది. చేసే పని మాత్రం, విచిత్రంగా, మళ్ళీ మాటలు మోయడమే. పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు పెద్దవాళ్ళకు ఆసుపత్రుల్లో దుబాసిగా వెళ్తాను. గదిలోకి వెళ్ళగానే కుర్చీ కాస్త వెనక్కి లాక్కుని కూర్చుంటాను, డాక్టరూ ఆ మనిషీ ఒకరినొకరు చూసుకునేలా. మాటకు రెండు అర్థాలు తోస్తే నా మనసుకు వచ్చినదాన్ని దాటించేయను. డాక్టరు గడియారం చూసుకుంటున్నా సరే, ఆగి అడుగుతాను.

ఈమధ్య ఒక పెద్దాయన, భార్య పోయి ఏడాది కూడా కాలేదు, డాక్టరు ముందు కూర్చుని “గుండె బరువుగా ఉంటోందమ్మా” అన్నారు. డాక్టరు నా వైపు చూసి ఎదురుచూస్తోంది. నేను ఆగాను. ఆయన వైపు వంగి, “బాధా బాబాయిగారూ, నొప్పా?” అని అడిగాను.

ఆయన ఆలోచించి, “రెండూనమ్మా” అన్నారు.

రెండూ చెప్పాను.